సిరిసిల్ల ఎర్ర కారుకు కొత్త పెట్రోలు పైపులు

మా తాత తాటిచెట్టు ఎక్కాడు, మా నాయనా ఎక్కాడు. నేను మాత్రం జగిత్యాలలో ఖాదర్ ఉస్తాద్ షెడ్డులో కారు కిందికి దూరాను. వంశమంతా మీదికి పోతే వీడొక్కడు కిందికి పోయిండని మా నాయనమ్మ కనబడ్డవాళ్లందరికీ చెప్పి పకపకా నవ్వేది. ఆ కింద నుంచి ఈ మధ్యే బయటికి వచ్చాను. మోకాళ్లు ఇక వంగమన్నాయి, నేను సరేనన్నాను, కోరుట్లలో షెడ్డుకు తాళం పడింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు కనబడినప్పుడల్లా నాలుగు ముక్కలు చెప్పమంటున్నారు. చెబితే మధ్యలో ఫోన్లు చూసుకుంటున్నారు. అందుకని రాస్తున్నాను.

ఇంజిను గురించి రాయను. దాని గురించి చెప్పేవాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు. నేను పైపుల గురించి రాస్తాను. ట్యాంకు నుంచి ఇంజిను దాకా పెట్రోలును మోసుకుపోయే పైపును చిల్లుపడే రోజు దాకా ఎవడూ పట్టించుకోడు. చిల్లుపడ్డ రోజు దాన్ని తిట్టనివాడు ఉండడు. నా మొత్తం బతుకులో నన్ను అన్నిటికంటే ఎక్కువ నవ్వించిన పని కూడా ఒక పైపుల పనే. దాని దగ్గరికి వస్తాను, ముందు ఇద్దరు పెద్దమనుషుల గురించి చెప్పనివ్వండి.

ముక్కు ముందు, చెయ్యి తర్వాత

ఖాదర్ ఉస్తాద్ చెవి మీద పొద్దంతా ఒక బీడీ ఉండేది. షెడ్డులో ఉన్నంతసేపూ దాన్ని ముట్టించేవాడు కాదు. బండి లోపలికి రాగానే పానా పట్టుకోకూడదు. ముందు బానెట్ ఎత్తి, కళ్లు మూసుకుని వాసన చూడాలి. మాకు నవ్వొచ్చేది. కూర ఉడికిందో లేదో చూసే ఆడమనిషిలాగా ఇంజిను మీదికి వంగి ముక్కు ఎగబీల్చేవాడు మరి. కానీ ఆ ముక్కు ఎన్నడూ తప్పలేదు.

ఒకసారి ఒక టాక్సీ డ్రైవరు బ్రేకుల పని కోసం వచ్చాడు. పని అయిపోయింది, సవారీలు బయట నిలబడి ఉన్నారు. ఉస్తాద్ మాత్రం తాళంచెవి ఇవ్వలేదు. పెట్రోలు వాసన వస్తోంది, పైపు మార్చేదాకా బండి కదలదన్నాడు. డ్రైవరుకు ఒళ్లు మండి ఉస్తాద్ ఏడు తరాలనూ పేరుపేరునా తలుచుకున్నాడు. ఉస్తాద్ బానెట్ మీద కూర్చుని చాయ్ తెప్పించుకుని తాగాడు.

"తిట్టు బేటా, మంచిగ తిట్టు. బతికుంటెనే గదా తిడుతవ్" అన్నాడు.

పైపు విప్పి చూస్తే అడుగువైపు వెంట్రుకంత సన్నని పగులు ఉంది. సైలెన్సరుకు జానెడు దూరంలో చెమ్మగా కారుతోంది. డ్రైవరు తనూ ఒక చాయ్ తెప్పించుకున్నాడు.

ఉస్తాద్‌ను దేవుణ్ణి చేయడం నాకిష్టం లేదు. ఆయన చేతిలో ఏముంటే దాంతో కొట్టేవాడు. కొట్టి నేర్పితేనే విద్య వస్తుందని ఇప్పటికీ అనేవాళ్లున్నారు. శుద్ధ అబద్ధం. నేను ఆయన కొట్టినందుకు నేర్చుకోలేదు, కొట్టినా నేర్చుకున్నాను. రేపు మీ దగ్గరికి పిల్లలు వస్తే ముక్కు పెట్టడం నేర్పండి, చెయ్యి పెట్టకండి.

షార్జా రబ్బరు

తర్వాత నేనూ అందరిలాగే గల్ఫుకు పోయాను. కరువు కాలమది. బావులు ఎండాయి, సిరిసిల్లలో సాంచెలు, అంటే మరమగ్గాలు, ఒకటొకటిగా ఆగిపోతున్నాయి. బొంబాయి బస్సెక్కేవాళ్లు బొంబాయికి, ఏజెంటు దొరికినవాళ్లు గల్ఫుకు పోతున్నారు. నా అదృష్టం కొద్దీ షార్జాలో ఒక గ్యారేజీలో పడ్డాను. అక్కడికి వచ్చేవన్నీ రేసు గుర్రాల్లాంటి కార్లు. మనిషి కూర్చుంటే నేల తగిలేంత కిందికి ఉంటాయి. వాటిని మొదటిసారి చూసిన రోజు నేను అన్నం తినడం మరిచిపోయాను.

అక్కడి ఫోర్‌మన్ మలయాళీ. ఎవరి కారైనా గీరుకుపోతే తప్పెవరిదని అడగకుండా పనివాణ్ణి బలి ఇచ్చేవాడు. ఆ విషయంలో పరమ నీచుడు. కానీ రబ్బరు గురించి నాకు తెలిసిందంతా ఆ నీచుడు పెట్టిన భిక్షే. పాత పైపును బొటనవేలి మీద వంచి చూడు, మీద సన్నని గీతలు లేస్తే తీసెయ్యి, మెత్తగా ఉబ్బినా తీసెయ్యి అనేవాడు. ఒకటి పాడైతే అన్నీ మార్చాలనేవాడు. అన్నీ ఒకే రోజు పుట్టినవి, ఒకటి ముసలిదైతే పక్కది పడుచుగా ఎట్లా ఉంటుంది?

గల్ఫు నుంచి మనవాళ్లు ఎట్లా తిరిగొస్తారో మీకు తెలుసు. ఇంటిల్లిపాదీ జీపు కట్టించుకుని హైదరాబాదు ఎయిర్‌పోర్టుకు పోతారు. జీపు మీద తాళ్లతో బిగించిన అట్టపెట్టెలు, పెద్ద పూల చెద్దర్లు, సెంటు సీసాలు. ఊళ్లోకి పట్టపగలు హారను కొట్టుకుంటూ రావాలి. దిగగానే ఎట్లున్నవని ఎవరూ అడగరు, ఏం తెచ్చినవని అడుగుతారు. నేను అట్టపెట్టెలతోనే దిగాను కాబట్టి గట్టెక్కాను. పెట్టెలు లేనివాళ్లు జగిత్యాలలోనో మెట్‌పల్లిలోనో చుట్టాలింట్లో దిగి, చీకటి పడ్డాక ఊళ్లోకి పోతారు. కొందరు అదీ పోరు.

కారు కోసమైతే వస్తాడు

షెడ్డు మూసేద్దామని సామాను సర్దుతుండగా రాజవ్వ వచ్చింది. ముత్యంపేట పక్క ఊరి మనిషి, బీడీలు చుడుతుంది. మూతి మీద చిరునవ్వు, మాట మాత్రం కొడవలి. ఆమె మొగుడు నర్సయ్య ఒకప్పుడు సిరిసిల్లలో సాంచెలు నడిపేవాడు. అవి ఆగిపోయాక గల్ఫుకు పోయి ఒక షేక్ ఇంట్లో కార్లు కడిగే పనికి కుదిరాడు. షేక్ పోయాడు, కొడుకులు పనివాళ్లను గెంటేశారు, పాస్‌పోర్టు చేతికి రాలేదు. అప్పటి నుంచి కాగితాలు లేకుండా దాక్కుని దాక్కుని పని చేశాడు. అట్లాంటివాళ్లను అక్కడ మనవాళ్లు ఖల్లివల్లి అంటారు. ఏళ్లు గడిచాక అక్కడి సర్కారు క్షమాభిక్ష పెడితే ఒక్క చేతిసంచితో విమానం ఎక్కాడు.

ఎక్కినవాడు మెట్‌పల్లిలో తన అక్క ఇంట్లో ఆగిపోయాడు. ఉత్త చేతులతో ఊళ్లో అడుగుపెట్టనని కూర్చున్నాడు. రాజవ్వ పోయి కలిసింది, ఏడ్చింది, తిట్టింది. ఆయన కదల్లేదు. భివండిలో సాంచెల మీద పని ఉందట, అక్కడి నుంచి ఫోను రాగానే మెట్‌పల్లిలోనే బస్సెక్కి పోతాడట. నాలుగు రాళ్లు వెనకేసుకున్నాకే ఊరి ముఖం చూస్తాడట.

"మల్ల పోతె ఇగ రాడన్నా. నాకెర్కే" అన్నది రాజవ్వ. "ఊళ్లెకు పట్టపగలు రావాలె. అందరు సూడంగ రావాలె. నాకోసమైతె రాడు గని, కారు కోసమైతె అస్తడు."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. ఇన్నేళ్లూ ఫోనులో నర్సయ్య మాట్లాడిందంతా కార్ల గురించేనట. పచ్చ కారు ఇట్లా మెరిసింది, ఎర్ర కారు సీటు తోలు అట్లా ఉందని. నువ్వు తిన్నవా పిల్లా అని అడిగేలోపు ఫోనులో పైసలు అయిపోయేవి. కార్లను సవతిలాగా తిట్టుకుంటూ ఆమె బీడీలు చుట్టింది. ఇప్పుడు ఆ సవతినే పంపించి మొగుణ్ణి తెప్పించుకుంటానంటోంది.

కారు ఎక్కడిది మరి? ఆమె మేనమామ మల్లేశం సేటుది. ఆయనవి సిరిసిల్లలో సాంచెలు బాగా నడిచిన రోజుల్లో సరదాకు హైదరాబాదు నుంచి ఒక ఎర్ర టూ-సీటరు తెచ్చుకున్నాడు. టాపు లేదు, ముందున్న బిళ్ల ఊడిపోయింది, ఏ దేశం కారో ఆయనకూ తెలియదు. సాంచెలు పోయాయి, షెడ్డు మిగిలింది, షెడ్డులో కారు మిగిలింది. నర్సయ్య పనిచేసింది ఆ సాంచెల మీదే. ఇక్కడ బతుకు లేదు పొమ్మని బస్సెక్కించింది కూడా ఆ మల్లేశమే. ఆ సంగతి ఆయన మనసులో ముల్లులాగా ఉండిపోయింది. కారు అడగ్గానే లారీ మాట్లాడి కోరుట్లకు పంపించి, వెనకే మోపెడ్ మీద తానూ దిగాడు.

సెలైన్ పైపు

కారు నిండా సాంచెల షెడ్డు దూది. బానెట్ ఎత్తితే ఇంజిను కనబడలేదు, పరుపు కనబడింది. దులిపి, ఉస్తాద్‌ను తలుచుకుని ముక్కు పెట్టాను. పాత పెట్రోలు వాసన గుప్పుమంది. కింద దూరి టార్చి వేశాను. నవ్వు ఆగక తల ఛాసిస్‌కు కొట్టుకుంది.

పెట్రోలు పైపు ఉండాల్సిన చోట సెలైన్ పైపు ఉంది. అవును, ఆసుపత్రిలో చేతికి ఎక్కించేదే. చుక్కచుక్కగా వదలడానికి తిప్పే చిన్న చక్రంతో సహా ఉంది. మన పల్లెల్లో మోపెడ్లకు ఇది వేస్తారని నాకు తెలుసు, స్పోర్ట్స్ కారుకు వేయగా చూడటం అదే మొదలు. ఏ గాడిద వేశాడిది అని కింద నుంచే అరిచాను.

"నేనే ఏసిన" అన్నాడు మల్లేశం. "ఆర్‌ఎంపీ దగ్గర తెచ్చిన. మంచిగనే నడిచింది గదా."

నడుస్తుంది. అదే వచ్చిన చిక్కు. కొన్నాళ్లు నడుస్తుంది, ఆ తర్వాత పెట్రోలుకు అది ఎండిన చిక్కుడుకాయలాగా గట్టిపడి పటుక్కుమంటుంది. ఆ పటుక్కు ఇంజిను వేడి మీద జరిగితే బండీ ఉండదు, మీరూ ఉండరు. స్ప్రే పంపు పైపూ అంతే, ఫ్రిజ్ రాగిపైపూ అంతే. నడిచింది కదా అనే మాట నా షెడ్డులో నిషేధం. ఇంకోటి కూడా గుర్తుంచుకోండి. ఇప్పటి పెట్రోలులో చెరుకు మడ్డి నుంచి తీసే స్పిరిట్ కలుస్తోంది. పాత కాలపు రబ్బరుకు అది అస్సలు పడదు, లోపలి నుంచి కరిగి నల్లటి బంకగా రాలి కార్బొరేటరులో కూర్చుంటుంది. అందుకని పాత కారు ఏది వచ్చినా పైపులన్నీ కొత్త పెట్రోలును తట్టుకునే రకం వేయండి. బండివాడు గొణుగుతాడు, గొణగనివ్వండి.

పని ఎట్లా చేశానో చెబుతాను. ముందు బ్యాటరీ తీగ తీసేశాను. ట్యాంకులో ఉన్న కుళ్లు పెట్రోలునంతా తోడి దూరంగా పెట్టాను. షెడ్డు ముందు కాపలాకు రాజవ్వను కూర్చోబెట్టాను. చాటలో తునికాకు, తంబాకు పెట్టుకుని బీడీలు చుడుతూనే, బీడీ నోట్లో పెట్టుకుని వచ్చిన ప్రతివాణ్ణీ ఆమె తరిమింది. నువ్వు చుట్టినదే కదా తాగుతున్నానని ఒకడు ఎదురు తిరిగాడు. చుట్టుడు నా పని, సచ్చుడు నీ పని, దూరం పోయి సావుమన్నది.

ఎండిపోయిన పైపును పీకకూడదు, కిందున్న ఇత్తడి మూతి వంగిపోతుంది. బ్లేడుతో నిలువుగా చీరి వలవాలి. వలిచాను. వెనక నుంచి ముందుకు వచ్చే ఇనుప గొట్టం తుప్పు పట్టి జల్లెడ అయింది. దాన్నే నమూనాగా నేల మీద పెట్టి కొత్త గొట్టాన్ని ఒక్కొక్క వంపూ దానికి సరిపోయేట్టు చేత్తో వంచాను. సైలెన్సరుకు దూరంగా జరిపి, రాచుకోకుండా మెత్తటి బిళ్లలేసి బిగించాను. రబ్బరు పైపును తిన్నగా కోసి, లోపల ముక్కలు మిగలకుండా ఊది, అంచు కొరకని క్లిప్పులు వేశాను. ప్రతి అతుకు కిందా తెల్లకాగితం పరిచాను. పంపు తిప్పి, కాగితాల మీద ఒక్క మచ్చ కూడా పడలేదని చూశాకే బ్యాటరీ తీగ కలిపి తాళం తిప్పాను.

మొదట దగ్గింది. మళ్లీ దగ్గింది. ఆ తర్వాత అరిచిన అరుపుకు పక్కనున్న టైలరు బయటికి ఉరికాడు. మల్లేశం చిన్నపిల్లాడిలాగా చప్పట్లు కొట్టాడు. నేను షెడ్డులో గంతులేశాను, అంత వయసులో, ఆ మోకాళ్లతో. సిగ్గేం పడను, అట్లాంటి గంతు కోసమే కదా ఈ పనిలో ఉండేది.

సాలె ముడి

ఆ సాయంత్రమే భివండి ఫోను వచ్చింది. మరునాడు మధ్యాహ్నం బస్సుకే నర్సయ్య పోతున్నాడని ఆడబిడ్డ రాజవ్వకు కబురు చేసింది. నింపాదిగా పరీక్ష చేసుకునే వీలు పోయింది. సందులో ఒక్క చుట్టు తిప్పి చూశాను, బాగుందనుకున్నాను. తెల్లారి రాజవ్వను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని మెట్‌పల్లికి బయలుదేరాను. పానాల సంచితో మల్లేశం మోపెడ్ మీద వెనకే వచ్చాడు.

కోరుట్ల దాటి కాస్త పోగానే కారు గుటకలు మింగి ఆగిపోయింది. దిగి చూశాను. ఎక్కడా కారడం లేదు, ట్యాంకులో పెట్రోలు ఉంది, కార్బొరేటరులో చుక్క లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు. ఏమీ తోచక ట్యాంకు మూత తిప్పాను. ఉస్స్‌మని గాలి లోపలికి పీల్చుకుంది. తాళం తిప్పితే కారు లేచి కూర్చుంది.

అప్పుడు అర్థమైంది. ట్యాంకులో పెట్రోలు తగ్గినకొద్దీ ఆ జాగాలోకి గాలి రావాలి. దానికోసం ట్యాంకు మీద ఒక చిన్న పైపు నోరు తెరుచుకుని ఉంటుంది. అది మూసుకుపోతే లోపలి పెట్రోలు బయటికి రాలేదు. ఆ పైపు కొత్తది వేసింది నేనే, అదెట్లా మూసుకుపోతుంది? మోపెడ్ ఆపి నిలబడ్డ మల్లేశం ముఖం చూశాను. ట్యాంకు ఇంకా బిగించకముందు నేను అన్నానికి ఇంటికి పోయినప్పుడు దాని దగ్గర ఉన్నది ఆయనొక్కడే.

"గా ఉత్త పైపా?" అన్నాడు ఎంతో నిమ్మళంగా. "ఊకెనే ఏలాడుతుంటె ముడేసిన."

ఆయనను ఏమని తిట్టాలి? పుట్టినప్పటి నుంచీ సాంచె పక్కన నిలబడ్డ మనిషి. పోగు తెగి వేలాడితే చూడకుండానే వేళ్లు వెళ్లి ముడి వేస్తాయి. వేలాడే కొసను వదిలేస్తే బట్ట పాడవుతుంది, అది వాళ్ల ఒంట్లో ఉన్న నేర్పు. నైలాను దారంతో ఎంత సన్నగా, ఎంత గట్టిగా వేశాడో తర్వాత ట్యాంకు దించినప్పుడు చూసి మెచ్చుకున్నాను. కానీ అప్పుడు ట్యాంకు దించాలంటే పూట పడుతుంది, బస్సేమో మధ్యాహ్నానికే. మూత వదులు చేసి నడుపుదామా అంటే, ఎగిరిన పెట్రోలు వేడి సైలెన్సరు మీద పడుతుంది. దానికి ఉస్తాద్ సమాధిలో నుంచి లేచి వచ్చి కొడతాడు. మిగిలింది ఒకటే దారి. పోవాలి, ఆగాలి, మూత తీసి ఉస్స్ అనిపించాలి, మళ్లీ పోవాలి. మల్లేశం మోపెడ్ మమ్మల్ని దాటిపోయి ముందర ఎదురుచూడటం మొదలుపెట్టింది. రాజవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. మీరు చేసే ఏ పనికైనా సందులో ఒక్క చుట్టు చాలదని ఇక్కడ రాసుకోండి.

రెండో గేరు

నర్సయ్య అక్క ఇంటి ముందు కారు దానంతట అదే ఆగింది. ఆయన సంచి భుజానికేసుకుని గుమ్మంలోనే ఉన్నాడు, బక్కగా, గడ్డం నెరిసి. రాజవ్వను చూసి తల దించుకున్నాడు. కారును చూసి తల ఎత్తాడు. కాసేపు చుట్టూ తిరిగాడు. హెడ్‌లైటు సందులో వేలుపెట్టి దూది పోగు బయటికి లాగాడు.

"దీన్ని ఎవడు కడిగిండు?" అని గద్దించాడు.

ఎవరూ కడగలేదని చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. నిజమైన కోపం. సంచి కింద పెట్టి, బకెటూ మెత్తటి బట్టా తెమ్మని అక్కను కేకేశాడు. కడిగాడు చూడండి, అట్లాంటి కడుగుడు నేను షార్జాలో కూడా చూడలేదు. పై నుంచి కిందికి, బట్ట ఒకే వైపు లాగుతూ, ఎక్కడా గీత పడకుండా. మధ్యాహ్నం బస్సు మెయిన్ రోడ్డు మీద హారను కొట్టుకుంటూ పోయింది. నర్సయ్య చక్రం తుడుస్తూనే ఉన్నాడు. రాజవ్వ నా వైపు చూసి కన్ను గీటింది.

అయినా ఎక్కనన్నాడు. అప్పుడు మల్లేశం దగ్గరికి వచ్చాడు. పొమ్మన్నది నేనే, తోలుకపోవడానికి కూడా నేనే రావాలె కదరా అని చెప్పబోయాడు. సగంలోనే ఆపి, బానెట్ మీద మిగిలిన నీటి చుక్కను వేలితో తుడిచాడు. ఇద్దరూ ఒకరినొకరు చూడలేక కారును చూస్తూ నిలబడ్డారు. నేను తాళంచెవి నర్సయ్య చేతిలో పెట్టాను. నడపడం వచ్చా అని అడిగితే వచ్చన్నాడు. షేక్ ఇంట్లో ఎన్నో కార్లు నడిపాడట. షెడ్డులో నుంచి నల్లా దాకా, నల్లా నుంచి షెడ్డు దాకా. ఒకటో గేరు, రివర్సు తప్ప ఇంకోటి వేసే జాగా రాలేదట.

ఊరి బయటికి వచ్చాక ఆయన రెండో గేరు వేశాడు. నేను మల్లేశం మోపెడ్ వెనక కూర్చుని ఉన్నాను, గాలికి కళ్లల్లో నీళ్లు వస్తున్నాయి. ముందు ఎర్ర కారు ఒక్కసారిగా దూకింది. రాజవ్వ కెవ్వుమన్నది. నర్సయ్య ఓ అని గొంతెత్తి అరిచాడు, అది ఏ భాషో నాకు తెలియదు. మూడో గేరు కూడా వేశాడు. పసుపు చేలల్లో ఆడవాళ్లు నడుములెత్తి చూశారు. తర్వాత కారు గుటకలు మింగి ఆగింది, మేము మోపెడ్ మీద దర్జాగా దాటిపోయాం.

ఆయన దిగి మూత తీయడం నేర్చుకున్నాడు. ఉస్స్ అనగానే నవ్వడం కూడా నేర్చుకున్నాడు. మూతపడ్డ ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ గేటు ముందు ఆగినప్పుడు మేం నలుగురం రోడ్డు మీదే కడుపు పట్టుకుని నవ్వాం. మూసిన గేటు దగ్గర కూర్చున్న ముసలాయన మాకు పిచ్చిపట్టిందనుకున్నాడు. నాకూ అట్లాగే అనిపించింది.

చాయ్ హోటలు ముందర

ఊరు దగ్గరపడేకొద్దీ నర్సయ్య నవ్వు తగ్గింది. పోశన్న చాయ్ హోటలు ఊరి నడిమధ్యన ఉంటుంది, పొద్దున పొలం పోయినవాళ్లు ఆ వేళకు అక్కడే చేరతారు. దాన్ని దాటేదాకా ఆపకుండా పోతానని, ఆ ముందటి మలుపులోనే మూత తీసి గాలి పట్టించాడు. ఊళ్లోకి మూడో గేరులో జొచ్చాడు. సరిగ్గా హోటలు ముందర కారు గుటక మింగింది.

బెంచీల మీద నుంచి అందరూ లేచారు. నర్సయ్య స్టీరింగు మీదికి వంగిపోయాడు. దిగుతాడో, దిగడో నాకు తెలియలేదు. మోపెడ్ దిగి మూత మీద చెయ్యి వేశాను, తిప్పితే కారు లేస్తుంది, పారిపోవచ్చు. అప్పటికే పోశన్న గ్లాసు చేతిలోనే ఉంచుకుని రోడ్డు మీదికి వచ్చాడు. అందరికంటే ముందు పలకరించేది ఆయనే, ఆయన నోటి నుంచి ఆ మాట రానే వచ్చింది.

"ఏం తెచ్చినవ్ రా నర్సిగా?"

రాజవ్వ మొగుడి వైపు చూడలేదు, ఎదురుగా చూస్తూ కూర్చుంది. నర్సయ్య తలుపు తీసి దిగాడు. రెండు చేతులూ చాపాడు, సబ్బు నీళ్లకు వేళ్లు ఇంకా ముడతలు పడే ఉన్నాయి.

"ఏం తేలే పోశన్నా" అన్నాడు. "ఉత్త చేతులతోని అచ్చిన."

పోశన్న ఆ చేతుల వైపు చూశాడు. గ్లాసు బెంచీ మీద పెట్టి పైపంచె నడుముకు బిగించాడు.

"మంచిదాయె. గా చేతులతోని స్టీరింగు పట్టుకో. మేం నూకుతం" అన్నాడు.

నేను మూత మీద నుంచి చెయ్యి తీసేశాను. బెంచీల మీదివాళ్లంతా కారు వెనక చేరారు. నర్సయ్య తిరిగి ఎక్కి కూర్చున్నాడు. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో వెనక నుంచి చూస్తే తెలియలేదు, భుజాలు మాత్రం ఊగుతున్నాయి. కారు బరువుగా ఉందని, రాజవ్వను దిగమని వెనక నుంచి ఎవరో అన్నారు.

"ఇన్నేండ్లు నేనొక్కదాన్నే నూకిన. ఇయ్యాల కూసుంట" అన్నది.

మల్లేశం ఒక పక్కన, నేను ఒక పక్కన భుజం పెట్టాం. ఇల్లు వచ్చేదాకా నూకాం.